ల్యాబ్‌లో 40 సిస్టమ్స్‌కి లినక్స్: పెన్ డ్రైవ్ పట్టుకుని తిరగకుండా ఒకేసారి వేయడం ఎలా?

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ పాలిటెక్నిక్ ల్యాబ్‌లో 40 డెస్క్‌టాప్‌లున్నాయి, చాలావాటిలో 4 జీబీ ర్యామే. దసరా సెలవుల్లో అన్నిట్లో లినక్స్ వేసిపెట్టమన్నారు. పెన్ డ్రైవ్‌తో ఒక్కోదానికి ముప్పావు గంట పడుతోంది, పైగా ఇన్‌స్టాలర్ అడిగే ప్రతిదానికీ పక్కన కూర్చుని ఎంటర్ కొట్టాలి. ఒక్క కమాండ్‌తో వాటంతటవే ఇన్‌స్టాల్ అయ్యే దారి ఉందా, లేక ఒకటి చేసుకుని మిగతావి డిస్క్ క్లోన్ చేయడం మేలా అని అడిగారు.

దారి ఉంది. క్లోన్ వద్దు. లినక్స్‌లో డెబియన్ అనే రకం తీసుకోండి, ఇన్‌స్టాలర్ అడిగేవాటికి జవాబులన్నీ ముందే ఉండే ప్రీసీడ్ ఫైలు ఒకటి రాయండి, మిషన్లను నెట్‌వర్క్ నుంచి బూట్ చేయండి. అసలు మిషన్ల జోలికి వెళ్లే ముందు విర్ట్-ఇన్‌స్టాల్ అనే కమాండ్‌తో వర్చువల్ మిషన్‌లో (మీ కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పదిసార్లు రిహార్సల్ వేయండి. రిహార్సల్‌కి రెండు రోజులు పోతాయి. ఆ తర్వాత 40 మిషన్లూ ఒక్క పూటలో అయిపోతాయి.

నేను పదిహేనేళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. మొదట గుంటూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునేవాణ్ణి, ఇప్పుడు హైదరాబాద్‌లో సర్వర్లు చూస్తున్నాను. కింద రాసినవాటిలో సగం నా తప్పుల్లోంచి వచ్చినవే. అన్నట్టు, కమాండ్ల పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు చిన్నక్షరాలే.

ముందు క్లోన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరికీ మొదట తట్టేది అదే. ఒక మిషన్ చక్కగా తయారు చేసి, దాని డిస్కును క్లోన్‌జిల్లాతో మిగతావాటికి దించేయడం. పని చేయదని కాదు, చేస్తుంది. కానీ ఆ ఒక్క మిషన్ గుర్తింపు కూడా అన్నిటికీ దిగిపోతుంది. నేను ఒకసారి ఉబుంటు (ఇంకో రకం లినక్స్) సర్వర్‌ని ఇలాగే 12 మిషన్లకు దించాను. ఆన్ చేస్తే ఒకటి నెట్‌వర్క్‌లోకి వస్తుంది, రెండోది రాగానే మొదటిది పడిపోతుంది. కేబుళ్లు మార్చాను, స్విచ్ మార్చాను, సాయంత్రం దాకా తల పట్టుకున్నాను. తీరా చూస్తే అన్నిట్లోనూ ఈటీసీ డైరెక్టరీలోని మెషిన్-ఐడీ ఫైలు ఒకటే. అక్కడి నెట్‌వర్క్ సర్వీసు ఐపీ (నెట్‌వర్క్‌లో మిషన్ అడ్రసు) అడిగేటప్పుడు ఆ ఐడీ ఆధారంగానే తన పేరు చెప్పుకుంటుంది. మిషన్లన్నీ ఒకే మోడల్ కావడంతో ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కి పన్నెండూ ఒకే మనిషిలా కనబడ్డాయి, అన్నిటికీ ఒకే ఐపీ ఇచ్చింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగినయ్యే పద్ధతి) హోస్ట్ కీలు కూడా అంతే, పన్నెండిటికీ ఒకే తాళంచెవి. ఇవన్నీ చెరిపి మళ్లీ పుట్టించే పద్ధతులున్నాయి. కానీ చెరపాల్సినవాటి జాబితా గుర్తుపెట్టుకోవడం కన్నా, అసలు ఏ మిషన్‌కి ఆ మిషన్ కొత్తగా ఇన్‌స్టాల్ కావడమే సుఖం. పైగా ఆరు నెలల తర్వాత ఇంకో ప్యాకేజీ కావాలంటే క్లోన్ ఇమేజ్ మొత్తం మళ్లీ తయారు చేయాలి. జవాబుల ఫైలులో అయితే ఒక్క మాట చేర్చుకుంటే చాలు.

ఆ జవాబుల ఫైలే అసలు విషయం. ఇన్‌స్టాలర్ ఏం చేస్తుంది? ప్రశ్నలడుగుతుంది. భాష ఏది, కీబోర్డ్ ఏది, డిస్కు ఎలా విడగొట్టాలి, పాస్‌వర్డ్ ఏమిటి. ఆ జవాబులన్నీ ముందే ఒక ఫైలులో రాసిపెడితే, అది అడగకుండానే చదువుకుని ముందుకు పోతుంది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. రెడ్ హ్యాట్ వాళ్లు కిక్‌స్టార్ట్ పేరుతో 90లలోనే పెట్టారు. జర్మనీలో కొలోన్ యూనివర్సిటీ నుంచి థామస్ లాంగె 1999లో ఎఫ్ఏఐ అని మొదలుపెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. డెబియన్‌లో 2005లో 3.1తో కొత్త ఇన్‌స్టాలర్ వచ్చింది, దాని పద్ధతి పేరే ప్రీసీడ్. ఉబుంటు సర్వర్ 20.04 నుంచి ఆటోఇన్‌స్టాల్ అనే వేరే పద్ధతికి మారింది. పేర్లు వేరు, ఫైలు రాసే తీరు వేరు, పని మాత్రం ఒకటే.

మీకు ఉబుంటు కాకుండా డెబియన్ ఎందుకు చెప్పానంటే, మీ ర్యామ్. ఉబుంటు ఆటోఇన్‌స్టాల్‌ని నెట్‌వర్క్ నుంచి మామూలుగా నడిపితే ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు ఇమేజ్) మొత్తాన్ని ముందు ర్యామ్‌లోకి దించుకుంటుంది. అది 2 జీబీ దాటి ఉంటుంది. 4 జీబీ మిషన్‌లో అది దిగేసరికే ఊపిరాడదు, మధ్యలో ఆగిపోతే ఎందుకు ఆగిందో తెర మీద సరిగ్గా చెప్పదు కూడా. డెబియన్ నెట్‌బూట్‌లో ఒక కెర్నల్ (లినక్స్ గుండెకాయ), ఒక ఇనిట్‌ఆర్‌డీ (బూటయ్యేటప్పుడు ర్యామ్‌లోకి వెళ్లే చిన్న ఫైళ్ల మూట), అంతే. మిగతాది ప్యాకేజీలుగా నేరుగా డిస్కులోకి వెళ్తుంది.

ఇక ఫైలు రాయడం. ఖాళీ ఫైలుతో మొదలుపెట్టకండి. డెబియన్ ఇన్‌స్టలేషన్ గైడ్‌తోపాటు నమూనా ప్రీసీడ్ ఫైలు ఒకటి ఇస్తారు, ప్రతి వరుసకీ వివరణ ఉంటుంది, అది తీసుకోండి. చేత్తో ఇన్‌స్టాల్ చేసిన మిషన్ నుంచి డెబ్‌కాన్ఫ్-గెట్-సెలెక్షన్స్ కమాండ్‌తో జవాబులన్నీ బయటికి లాగవచ్చు. అది చూసుకోవడానికి బాగుంటుంది. కానీ దాన్ని యథాతథంగా వాడకండి, అందులో పెట్టకూడని లోపలి లెక్కలు కూడా కలిసి వస్తాయి.

ఫైలులో ప్రతి వరుసకీ నాలుగు ముక్కలుంటాయి. ఎవరికోసం అన్నది మొదటిది, ఇన్‌స్టాలర్ కోసమైతే డీ-ఐ అని రాస్తారు. తర్వాత ప్రశ్న పేరు, ఆ తర్వాత జవాబు రకం, చివర జవాబు. రకానికీ జవాబుకీ మధ్య ఒకే ఒక్క ఖాళీ ఉండాలి. రెండో ఖాళీ పెడితే అది జవాబులో భాగమైపోతుంది. నేను ఫైలు అందంగా కనబడాలని వరుసలన్నీ నిలువుగా సర్దాను ఒకసారి, స్కూల్లో లెక్కల పుస్తకంలా. డిస్కు పేరు ముందు మూడు ఖాళీలు చేరాయి. ఇన్‌స్టాలర్ అంతా బాగా నడిచి డిస్కు దగ్గరికి రాగానే నిలబడి 'ఏ డిస్కు?' అని అడుగుతోంది. ఫైలులో జవాబు కళ్లకు కనబడుతూనే ఉంది! దానికి కావలసింది ఎస్‌డీఏ (లినక్స్ డిస్కుకు పెట్టే పేరు), ఫైలులో ఉన్నది ముందు మూడు ఖాళీలున్న ఎస్‌డీఏ. ఒక మధ్యాహ్నం దానికే పోయింది. డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్ కమాండ్‌కి మైనస్ సీ ఇచ్చి నడిపితే ఫైలు రాసిన తీరులో తప్పులుంటే చెబుతుంది. అయితే ఇలా ఎక్కువైన ఖాళీని అది తప్పనదు, దాని దృష్టిలో అదీ జవాబే.

పాస్‌వర్డ్‌ని నేరుగా రాయకండి. ఈ ఫైలు వెబ్ సర్వర్ మీద ఉంటుంది, ల్యాబ్‌లో కూర్చున్న ఏ కుర్రాడైనా బ్రౌజర్‌లో తెరిచి చదువుకోగలడు, చదువుతారు కూడా. ఎంకేపాస్‌వర్డ్ కమాండ్‌తో హ్యాష్ చేసి (వెనక్కి చదవలేని అక్షరాల వరుసగా మార్చి), క్రిప్టెడ్ అని పేరు చివర ఉన్న వరుసలో పెట్టండి. డెబియన్‌లో ఆ కమాండ్ హూఈజ్ అనే ప్యాకేజీలో దాక్కుని ఉంటుంది, ఎందుకక్కడ ఉందో అనకండి, అది అంతే. పని అయ్యాక వెబ్ సర్వర్‌ని కూడా ఆపేయండి.

మీరు అడిగిన 'ఒక్క కమాండ్' రిహార్సల్‌లోనే దొరుకుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే వర్చువల్ మిషన్లు నడిపే కేవీఎం, లిబ్‌విర్ట్ వేసుకుని విర్ట్-ఇన్‌స్టాల్ నడపండి. పేరు ఇస్తారు, ర్యామ్ 4096 అని ఇస్తారు (మీ మిషన్లలో ఎంతుందో అంతే ఇవ్వండి, ఎక్కువ ఇస్తే రిహార్సల్ మోసం చేస్తుంది), డిస్కు 20 జీబీ, లొకేషన్ దగ్గర డెబియన్ మిర్రర్‌లోని (దాని ఫైళ్లు దించుకునే సర్వర్) ఇన్‌స్టాలర్ డైరెక్టరీ అడ్రసు. ఇక అసలు కిటుకు ఇనిట్‌ఆర్‌డీ-ఇంజెక్ట్ అనే ఆప్షన్. దానికి మీ ప్రీసీడ్ ఫైలు చూపిస్తే, బూటయ్యే ఇనిట్‌ఆర్‌డీలోకి ఆ ఫైలును దూర్చేస్తుంది, ఇన్‌స్టాలర్ లేవగానే దాన్ని తనే చదువుకుంటుంది. ఎక్స్‌ట్రా-ఆర్గ్స్‌లో ఆటో ఈక్వల్స్ ట్రూ, ప్రయారిటీ ఈక్వల్స్ క్రిటికల్ అని ఇవ్వండి. ఎంటర్ కొట్టి టీ తాగి రండి. మీరు వచ్చేసరికి లాగిన్ తెర ఉంటే ఫైలు బాగున్నట్టు. ఏదో ప్రశ్న దగ్గర ఆగి ఉంటే, ఆ ప్రశ్నకు ఫైలులో జవాబు లేనట్టు, లేదా పేరు తప్పు రాసినట్టు. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే లాగ్ కనబడుతుంది, ఆల్ట్ ఎఫ్2 లో షెల్ దొరుకుతుంది. సరిదిద్దండి, వర్చువల్ మిషన్ చెరిపేయండి, మళ్లీ నడపండి. నేను పది రౌండ్లు అన్నది ఊరికే అనలేదు. తొమ్మిదోసారి కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

రిహార్సల్‌లో దొరకనివి కొన్ని ఉంటాయి, అవి అసలు మిషన్ల మీదే బయటపడతాయి.

మొదటిది మిషన్ల పేర్లు. మీకు ల్యాబ్-01 నుంచి ల్యాబ్-40 దాకా కావాలన్నారు. హోస్ట్‌నేమ్‌ని ఫైలులో రాస్తే అన్నిటికీ ఒకే పేరు. పైగా నెట్‌వర్క్ నుంచి ఫైలు తెచ్చుకోవాలంటే ముందు నెట్‌వర్క్ లేవాలి కదా, అంటే నెట్‌వర్క్ ప్రశ్నలు ఫైలు చదవకముందే అయిపోతాయి. అందుకే పేరు డీహెచ్‌సీపీ నుంచి రానివ్వండి. డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ (బూట్ ఫైళ్లు పంపే పద్ధతి) రెండూ అదే చేస్తుంది. అందులో డీహెచ్‌సీపీ-హోస్ట్ అని ఒక్కో మిషన్‌కి ఒక్కో వరుస: మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు), పేరు, ఐపీ. 40 మ్యాక్ అడ్రసులు ఎలా తెచ్చుకోవాలి? చేత్తో రాసుకోకండి, బీకి 8కి తేడా తెలియక చస్తాం. మిషన్లను వరుసగా, బల్ల క్రమంలో, ఒక్కొక్కటే నెట్‌వర్క్ నుంచి బూట్ చేయండి, డీఎన్ఎస్‌మాస్క్ లాగ్‌లో అదే వరుసలో అడ్రసులు పడతాయి. అక్కడినుంచి కాపీ చేసుకోండి.

రెండోది, ఆ డీఎన్ఎస్‌మాస్క్‌ని కాలేజీ నెట్‌వర్క్ మీద పెట్టకండి. అక్కడ ఇప్పటికే ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. రెండోది మీరు లేపితే ఎవరు ముందు జవాబిస్తే వాళ్లదే రాజ్యం. నేను చేసినప్పుడు మా పక్క బ్లాకులో ఫీజుల కౌంటర్‌కి ఇంటర్నెట్ పోయింది, అదీ ఫీజుకు ఆఖరి రోజు. తల్లిదండ్రులు క్యూలో నిలబడి ఉన్నారు. నా పేరు బయటికి రావడానికి గంట కూడా పట్టలేదు. ప్రాక్సీ మోడ్ అని ఒకటుంది, ఐపీలు పంచకుండా బూట్ సమాచారం మాత్రమే ఇస్తుంది. కానీ మీకు పేర్లు కూడా ఇవ్వాలి కాబట్టి అది సరిపోదు. ల్యాబ్ స్విచ్ నుంచి బయటికి వెళ్లే కేబుల్ పీకేయండి. ఇన్‌స్టాల్ సర్వర్‌గా ఒక పాత డెస్క్‌టాప్ పెట్టి దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు వేయండి, ఒకటి ల్యాబ్ వైపు, ఒకటి ఇంటర్నెట్ వైపు.

అదే సర్వర్ మీద ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ వేయండి. ఇది ప్యాకేజీలను ఒకసారి దించి దాచుకుని మిగతావాళ్లకు పంచే ప్రాక్సీ, 3142 పోర్టులో ఉంటుంది. ఒక్కో మిషన్‌కి డెస్క్‌టాప్, కంపైలర్లు అన్నీ కలిపి 1.5 జీబీ అనుకుంటే 40కి 60 జీబీ. ఇది కాలేజీ ఇంటర్నెట్ మీదుగా రావాలంటే సెలవులు అయిపోతాయి. ప్రాక్సీ ఉంటే బయటినుంచి వచ్చేది ఆ మొదటి 1.5 జీబీయే. ఇక్కడే మీ స్విచ్ కూడా చూసుకోండి. సర్వర్ పోర్టు 100 ఎంబీపీఎస్ అయితే సెకనుకి 12.5 ఎంబీకి మించి పోదు, 60 జీబీకి ఎంత లేదన్నా 80 నిమిషాలు. గిగాబిట్ అయితే అది అసలు లెక్కలోకే రాదు, అప్పుడు మీ పాత హార్డ్ డిస్కుల వేగమే అడ్డు. ఇన్‌స్టాల్ అయిపోయాక ఈ ప్రాక్సీ అడ్రసు ప్రతి మిషన్‌లోనూ ఆప్ట్ (ప్యాకేజీలు దించి వేసే కమాండ్) కాన్ఫిగ్ ఫైలులో అలాగే మిగిలిపోతుంది. నెల తర్వాత మీరు ఆ సర్వర్ తీసేస్తే 40 మిషన్లలోనూ ఆప్ట్ పనిచేయడం ఆగిపోతుంది, ఎందుకో ఎవరికీ గుర్తుండదు. దాన్ని తీసేసే మాట చివరి వరుసలోనే రాసేసుకోండి.

గడియారం సంగతి ఎవరూ చెప్పరు. పాత మిషన్లలో, ఆన్ కాగానే నడిచే మొదటి ప్రోగ్రాం బయోస్ తాలూకు బ్యాటరీ (ఆ గుండ్రటి నాణెం లాంటి సీఆర్ 2032) అయిపోయి ఉంటుంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఆప్ట్ రిపాజిటరీ ఫైలు మీది తేదీ చూసి, 'ఇది ఇంకా రాని కాలంది, చెల్లదు' అని ఆగిపోతుంది. మామూలుగా ఇన్‌స్టాలర్ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి టైం తెచ్చుకునే పద్ధతి) టైం సరిచేసుకుంటుంది. మీరు ఇంటర్నెట్ కేబుల్ పీకేశారు కాబట్టి దానికి ఆ సర్వర్ దొరకదు. ఇన్‌స్టాల్ సర్వర్ మీదే క్రోనీ (టైం చెప్పే ప్రోగ్రాం) వేసి, ప్రీసీడ్‌లో ఎన్‌టీపీ సర్వర్‌గా దాని అడ్రసే ఇవ్వండి. బ్యాటరీలు కూడా మార్పించండి, ఎలాగూ మార్చాల్సినవే.

ఇప్పుడు డిస్కు. మిగతా అన్ని తప్పులకూ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరిపోతుంది. ఇక్కడ తప్పు చేస్తే వెనక్కి రాదు, ఎందుకంటే ఆటోమేటిక్ అంటే అర్థమే 'నిజంగా చెరిపేయనా?' అన్న ప్రశ్నకు కూడా ముందే అవునని చెప్పేయడం. ఎస్‌డీఏ అని రాస్తే ఎప్పుడూ లోపలి డిస్కే అవుతుందన్న గ్యారంటీ లేదు. పెన్ డ్రైవ్ నుంచి బూటయితే కొన్ని మిషన్లలో పెన్ డ్రైవే ఎస్‌డీఏ అవుతుంది. కొత్త మిషన్లలో ఎన్‌వీఎంఈ రకం డిస్కు ఉంటే ఎస్‌డీఏ అసలుండదు. రెండు డిస్కులుంటే ఒక్కోసారి ఒక్కోటి ముందు పలుకుతుంది. మా ల్యాబ్‌లో నాలుగు మిషన్లకు మాత్రం రెండో డిస్కు ఉండేది, ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టులు అందులో. మూడింట్లో ఎస్‌డీఏ అంటే మొదటి డిస్కు. నాలుగోదాంట్లో సాటా కేబుళ్లు ఎవరో అటూ ఇటూ మార్చి బిగించారు. ఆ ప్రాజెక్టులు పోయాయి. ఇన్‌స్టాలర్ తప్పేం లేదు, నేను చెప్పిందే చేసింది. పార్ట్‌మ్యాన్ (డిస్కు విడగొట్టే భాగం) మొదలయ్యే ముందు నడిచే ఎర్లీ-కమాండ్‌లో చిన్న స్క్రిప్టు పెట్టి, సైజు చూసి డిస్కు ఎంచుకోమని చెప్పవచ్చు. గైడులో 'మొదటి డిస్కు తీసుకో' అనే ఒక వరుస ఉదాహరణ ఉంటుంది, మొదటిది అంటే సరైనది అని కాదు. ఇప్పుడు నేను స్క్రిప్టూ రాస్తాను, ఉంచుకోవాల్సిన డిస్కు కేబుల్ కూడా చేత్తో పీకేస్తాను. మీ 40 మిషన్ల కేసులూ ఒక్కసారి తెరిచి చూడండి. ఏ డిస్కు ఎక్కడుందో తెలుస్తుంది, దుమ్ము కూడా దులిపినట్టుంటుంది.

డిస్కు దగ్గరే ఇంకో ఆగుడు ఉంది. మిషన్ యూఈఎఫ్ఐలో (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) బూటయి, డిస్కులో పాత బయోస్ పద్ధతిలో వేసిన విండోస్ ఉంటే, 'యూఈఎఫ్ఐ పద్ధతిలోనే వేయమంటారా?' అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. వర్చువల్ మిషన్‌లో ఖాళీ డిస్కు కాబట్టి ఈ ప్రశ్న రాదు, ల్యాబ్‌లో సగం మిషన్లు అక్కడే నిలబడి ఉంటాయి. పార్ట్‌మ్యాన్-ఈఎఫ్ఐ పేరుతో దానికో వరుస ఉంది, నాన్-ఈఎఫ్ఐ-సిస్టమ్ అన్నదానికి ట్రూ ఇచ్చేయండి.

బూట్ మెనూలు రెండుంటాయని కూడా మర్చిపోవద్దు. నెట్‌బూట్ టార్ ఫైలు విప్పితే పాత బయోస్ వాళ్లకు పీఎక్స్ఈలినక్స్ మెనూ ఒకటి, యూఈఎఫ్ఐ వాళ్లకు గ్రబ్ మెనూ ఒకటి. డీఎన్ఎస్‌మాస్క్‌లో క్లయింట్ ఆర్కిటెక్చర్ నంబర్ చూసి ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పాలి: 0 అంటే బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ. చాలామంది ఒక మెనూలో ప్రీసీడ్ అడ్రసు రాసి, రెండోది మర్చిపోయి, సగం మిషన్లు ఎందుకు భాష అడుగుతున్నాయో అర్థంకాక కూర్చుంటారు. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే సెట్టింగ్) గురించి కంగారు వద్దు, డెబియన్ 10 నుంచి దానికి సపోర్ట్ ఉంది.

ఇక నా పరువు పూర్తిగా పోయిన కథ. పైన చెప్పినవన్నీ దిద్దుకుని, 32 మిషన్ల ల్యాబ్‌ని ఒక్క పూటలో పూర్తి చేశాను. ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నారు. మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఆ మిషన్ల బయోస్‌లో 'కరెంటు రాగానే ఆన్ అవ్వు' అన్న సెట్టింగ్ ఉంది. పని సులువవుతుందని నెట్‌వర్క్ బూట్‌ని నేనే మొదటి స్థానంలో పెట్టి మార్చకుండా వదిలేశాను. ఇన్‌స్టాల్ సర్వర్ యూపీఎస్ మీద ఉంది, దాన్ని ఆపలేదు. మెనూలో డిఫాల్ట్ ఇన్‌స్టాల్, ఐదు సెకన్ల టైమర్. సోమవారం పొద్దున్న తొమ్మిదికి తలుపు తీసి మానిటర్లు ఒక్కొక్కటే ఆన్ చేస్తుంటే, ప్రతిదాంట్లోనూ నీలం తెర మీద ఇన్‌స్టాలర్ గీత మెల్లగా ముందుకు పోతోంది. ఒక్కో మిషన్ ఒక్కో చోట ఉంది. అవి ఇన్‌స్టాల్ అవుతున్నాయి, రీబూట్ అవుతున్నాయి, మళ్లీ నెట్‌వర్క్ నుంచి లేచి మళ్లీ ఇన్‌స్టాల్ అవుతున్నాయి. వెబ్ సర్వర్ లాగ్‌లో ప్రీసీడ్ ఫైలు ఎన్నిసార్లు అడిగాయో లెక్కపెట్టాను. ఒక మిషన్ 41 సార్లు ఇన్‌స్టాలైంది. నా వెనకే వచ్చిన ఒక ఫైనలియర్ అమ్మాయి, "సార్, శనివారం సేవ్ చేసిన రికార్డు ఫైలు ఉంటుంది కదా?" అని అడిగింది. ఆమెకేం చెప్పానో రాయడం ఇప్పటికీ ఇష్టం లేదు.

కాబట్టి, మెనూలో డిఫాల్ట్ ఎప్పుడూ 'లోకల్ డిస్కు నుంచి బూటవ్వు' అనే ఉండాలి. ఇన్‌స్టాల్ కావాలంటే మనిషి వచ్చి బాణం గుర్తు కిందికి నొక్కి ఎంచుకోవాలి. 40 సార్లు నొక్కాలంటారా, నొక్కండి, రెండు నిమిషాల పని. బయోస్‌లో హార్డ్ డిస్కునే మొదట ఉంచి, ఇన్‌స్టాల్ రోజున మాత్రం ఎఫ్12 లాంటి వన్‌టైమ్ బూట్ కీతో నెట్‌వర్క్ ఎంచుకోండి. పని అవగానే డీఎన్ఎస్‌మాస్క్‌ని ఆపడమే కాదు, సర్వర్ మళ్లీ ఆన్ చేసినా అది లేవకుండా సిస్టమ్‌సీటీఎల్‌తో డిజేబుల్ కూడా చేయండి.

అసలు రోజు ఎలా నడపాలంటే, మొదట ఒక్క మిషన్. అది అయ్యాక లాగిన్ అయి ప్రింటర్, సౌండ్, తెలుగు టైపింగ్ అన్నీ చూసుకోండి. దానివల్ల ప్రాక్సీలో ప్యాకేజీలు కూడా నిండుతాయి. తర్వాత నాలుగు. ఆ తర్వాత ఎనిమిదేసి. ఒకేసారి 40 ఎందుకొద్దంటే, ఒకే తప్పు నలభైచోట్ల జరుగుతుంది, పైగా మీ ల్యాబ్ యూపీఎస్ ఎంత మోస్తుందో నాకు తెలియదు. నా అనుభవంలో పాత హార్డ్ డిస్కుల మీద ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో ఒక్కోదానికి దాదాపు 25 నిమిషాలు పట్టింది. 4 జీబీ మిషన్లకు గ్నోమ్ లాంటి బరువైన డెస్క్‌టాప్ పెట్టి పిల్లల్ని ఏడిపించకండి, ఎక్స్ఎఫ్‌సీఈ చాలు.

తెలుగు కావాలంటే ప్యాకేజీల వరుసలో ఫాంట్స్-తెలు, ఐబస్-ఎం17ఎన్ చేర్చండి. ఇన్‌స్టాల్ తర్వాత చేయాల్సినవన్నీ లేట్-కమాండ్ అనే చివరి వరుసలో కుక్కేయాలనిపిస్తుంది. వద్దు. అది పొడుగయ్యేకొద్దీ కొటేషన్ గుర్తుల మధ్య తప్పు వెతకడం నరకం. నేను అందులో పెట్టేది రెండే: నా ఎస్ఎస్‌హెచ్ కీ, ఆ ప్రాక్సీ తీసివేత. యూజర్లు, వాల్‌పేపర్, ఎడిటర్ సెట్టింగులు అన్నీ తర్వాత చాలా మిషన్లను ఒకేసారి సర్దే యాన్సిబుల్‌తో చేసుకుంటాను. ఇన్‌స్టాలర్ పని మిషన్‌ని నిలబెట్టడం వరకే.

ఒకవేళ మీ హెచ్‌ఓడీ గారు ఉబుంటునే కావాలని పట్టుబడితే, 8 జీబీ మిషన్లకు మాత్రం ఆటోఇన్‌స్టాల్ బాగానే పనిచేస్తుంది. చేత్తో ఒకసారి ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తే, వార్ లాగ్ కింద ఇన్‌స్టాలర్ డైరెక్టరీలో మీరిచ్చిన జవాబులతో తయారైన ఆటోఇన్‌స్టాల్ ఫైలు ఉంటుంది, దాన్నే దిద్దుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఈ సదుపాయం 23.04 నుంచి ఉంది. ఒక్క జాగ్రత్త: గ్రబ్ మెనూలో దాని అడ్రసు రాసేటప్పుడు మధ్యలో సెమికోలన్ వస్తుంది, దాన్ని కొటేషన్‌లో పెట్టకపోతే గ్రబ్ అక్కడితో వరుస అయిపోయిందనుకుంటుంది. కెర్నల్ వరుసలో ఆటోఇన్‌స్టాల్ అన్న మాట లేకపోతే డిస్కు చెరిపే ముందు ఆగి 'అవునా, కాదా' అని అడుగుతుంది. చాలామంది దాన్ని తలనొప్పి అనుకుంటారు. నా ఆ ఆదివారం తర్వాత నాకైతే అది చాలా మర్యాదగల ప్రశ్న అనిపిస్తుంది.

మీ మిషన్లు యూఈఎఫ్ఐవా, పాత బయోస్‌వా, స్విచ్ గిగాబిట్టా కాదా చూసి ఇక్కడే రాయండి. దాన్నిబట్టి డీఎన్ఎస్‌మాస్క్ వరుసలు ఎలా ఉండాలో చెబుతాను.